స్టేషనరీ కింద కొన్న డిస్కులు

మార్చి 4

మూడో డిస్కు పోయింది. పొద్దున కంప్యూటర్ ఆన్ చేయగానే టక్, టక్, టక్ అంది, గోటితో గాజు మీద కొట్టినట్టు. ఆ తర్వాత ఇంక ఉలుకూ పలుకూ లేదు. టేపుల మీంచి ఎక్కించిన పాత పుస్తకాలన్నీ దాంట్లోనే. పదకొండు వందలు. చూపులేనివాళ్ల కోసం వాటిని చదివి రికార్డు చేసినవాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు.

డైరెక్టర్ గారి గదికి వెళ్లి చెప్పాను.

"ఇంకో కాపీ ఉంది కదా మేడమ్?"

ఉంది. బీరువాలో, నల్ల డబ్బాలో. మా ఆయన ఎక్కించి పెట్టిన కాపీ.

"కాపీ ఉంది. కానీ కొత్త డిస్కులు కావాలి. మిగతా మూడూ దీని ఈడువే."

"కంప్యూటర్ లోపల పెట్టేదైతే యంత్రభాగం కిందికి వస్తుంది. కమిటీ ఒప్పుకోవాలి. కమిటీ జూన్‌లో."

"జూన్‌దాకా ఇవి బతకాలిగా సార్?"

"అసలివన్నీ ఉంచుకోవాలా అన్నది కూడా అప్పుడే చూస్తారు. జనం బాగా అడిగేవి ఓ వంద ఉంచేసి, మిగతావి కావాలన్నప్పుడు మెషిన్ గొంతుతో చదివించుకోవచ్చు. చూపులేనివాళ్లు కూడా ఇప్పుడు ఫోన్లలో అదే వింటున్నారు."

నేను వినిపించుకోలేదు. అంటే, ప్రతి మాటా విన్నాను.

ఆయనకి ఫోన్ చేయను. ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

మార్చి 5

చేయలేదు.

మార్చి 6

ఈ కంప్యూటర్ కట్టింది ఆయన. ఇరవై ఏళ్లు దాని ఆలనాపాలనా చూసిందీ ఆయనే. నేను చదివేవాళ్లు కూర్చునే గాజు గదికి ఇవతల కూర్చుని రికార్డు చేయడం, ఆయన వెనక గదిలో దాన్ని భద్రం చేయడం. ఎనిమిది నెలల కిందట ఉద్యోగం మానేశారు, ఇల్లూ మానేశారు, ఒకే వారంలో. ఏ తీగ ఎక్కడికి పోతుందో ఒక్క కాగితం ముక్క రాసి పెట్టలేదు. అడిగినప్పుడల్లా "నువ్వు ముట్టుకోకు, అదే పదివేలు" అనేవారు. నేనూ ముట్టుకోలేదు. ఇరవై ఏళ్లు ఒక పెట్టె పక్కన కూర్చుని దాని మూత తీయని మనిషిని ఏమనాలో నాకు తెలీదు.

ఇవాళ కొనుగోళ్ల నిబంధనల పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదివాను. పంతొమ్మిదో పేజీలో దొరికింది. స్టేషనరీ: పెన్నులు, జిగురు, అట్టఫైళ్లు, స్టేప్లర్, "బయట తగిలించుకునే హార్డ్ డిస్కు". స్టేషనరీకి నా సంతకం చాలు.

లోపలి డిస్కు యంత్రభాగం. అదే డిస్కు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటే జిగురుసీసాకి చెల్లెలు. నవ్వొచ్చింది, ఒక్కదాన్నే ఉన్నా పైకే నవ్వాను.

సాయంత్రం కంప్యూటర్ల కొట్టుకి వెళ్లాను. లోపలివి మూడు నెలల దాకా రావట. బయటివి మాత్రం గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి.

"ఈ డబ్బాలో ఉండేది అదే డిస్కు కదండీ?"

"అదేనమ్మా. కానీ తెరిచారంటే గ్యారంటీ పోతుంది."

"తెరవకపోతే నా పుస్తకాలు పోతాయి."

కొట్టతను నన్ను ఎగాదిగా చూసి రెండు డబ్బాలు తీసిచ్చాడు. "చిన్నవి తీసుకోకండి. చిన్నవాటికి వైరు పెట్టే రంధ్రం డిస్కుకే అతికించేసి ఉంటుంది, లోపల పనికిరావు. పెద్దవైతే విడిగా వస్తుంది" అన్నాడు. అడక్కుండా చెప్పాడు. ఈ మధ్య నాకు అడక్కుండా ఏదైనా చెప్పింది అతనొక్కడే.

మార్చి 9

డబ్బాకి ఒక్క స్క్రూ లేదు. ఎటు తిప్పినా నున్నగా, సబ్బుబిళ్లలా. లోపల కొక్కేలుంటాయి, అంచులోంచి పలచని ప్లాస్టిక్ ముక్క దూర్చి వాటిని తప్పించాలి. గడువు తీరిన సభ్యత్వకార్డులు డ్రాయరు నిండా ఉన్నాయి కదా అని అవి వాడాను. రెండు కార్డులు విరిగాయి. ఒక కొక్కెం విరిగింది. గోరు విరిగింది.

సోమవారం కాబట్టి కుర్చీల అన్నయ్య వచ్చాడు. పుట్టుకతోనే చూపు లేదు. పేముతో కుర్చీలు అల్లుతాడు, మా గాజు గదిలో కుర్చీ కిర్రుమనకుండా ఉందంటే అది ఆయన చలవే. వారానికి రెండు పుస్తకాలు వింటాడు.

"ఏంటి చెల్లెమ్మా, ఎలకని పట్టుకుంటున్నావా? ఆ చప్పుడేంటి?"

చెప్పాను. మొత్తం చెప్పాను, జూన్ సంగతి, వంద పుస్తకాల సంగతి. ఆయన చేయి చాపాడు. డబ్బా ఇచ్చాను. ఒక పక్కనుంచి వేలితో తట్టుకుంటూ వెళ్లాడు, చెవి దగ్గర పెట్టుకుని.

"ఇదిగో, ఇక్కడ బోలుగా మోగుతోంది. ఇక్కడ మోగట్లేదు, అంటే కొక్కెం ఉంది. ఇక్కడొకటి. ఇక్కడొకటి. నువ్వు దీన్ని కళ్లతో తెరుద్దామని చూస్తున్నావు. అదే నీ అవస్థ."

జేబులోంచి పేముబద్ద తీశాడు, అల్లేటప్పుడు సందులు విప్పుకునేది. ఆరు చోట్ల దూర్చాడు. ఆరోసారి డబ్బా దానంతటదే జారి వచ్చేసింది, అరటిపండు తొక్కలాగా. లోపల వెండిరంగు డిస్కు, ఒక చివర అగ్గిపెట్టంత బోర్డు.

"పెద్దదేనా?"

"పెద్దదే."

"ఏ వంద ఉంచుతారట?" అన్నాడు వెళ్లబోతూ.

"వాళ్లు ఎంచినవి."

"ఊఁ" అన్నాడంతే. ఆయన ఊఁ అంటే వదిలేసినట్టు కాదని నాకు తెలుసు.

మార్చి 10

బోర్డు పీకి డిస్కుని కంప్యూటర్‌లో బిగించాను. తిరగలేదు. చేయి పెట్టి చూశాను, రాయిలా ఉంది. బయటికి తీసి మళ్లీ దాని బోర్డుకి తగిలిస్తే బ్రహ్మాండంగా తిరుగుతోంది. లోపల పెడితే రాయి.

ముట్టుకోకు అన్న మాట చెవిలో మోగింది. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. పెట్టేశాను.

ఎదురు వీధిలో ఫోన్లు బాగుచేసే అమ్మాయి ఉంది, బోర్డు మీద "ఫోన్ల డాక్టర్" అని రాసుకుంది. డిస్కుని పసిపిల్లలా తువ్వాల్లో చుట్టుకుని వెళ్లాను.

"ఆంటీ, దీనికి కరెంటు అందే చోట మూడో రేకు చూడండి. కొన్ని పాత కంప్యూటర్లలో దాని మీదకి కరెంటు వస్తూనే ఉంటుంది. అది వచ్చినంతసేపూ ఈ డిస్కు 'నన్ను పడుకోమన్నారు' అనుకుంటుంది."

"మరి లేపడమెలా?"

"ఆ రేకుని కప్పేయడమే." వేడికి కరగని పసుప్పచ్చ టేపు నూలుపోగంత కోసి అతికించింది. ఏమీ తీసుకోనంది. ఆంటీ అన్నందుకు వచ్చిన కోపం సగం తగ్గింది.

మార్చి 11

తిరిగింది.

మార్చి 13

బతికున్న మూడు డిస్కుల్లోని పుస్తకాలన్నీ కొత్తదాని మీదకి ఎక్కాయి. రెండో డబ్బా నేనే తెరిచాను, ఒక్కదాన్నే, కళ్లు మూసుకుని, తట్టి చూసుకుంటూ. ఒక్క కొక్కెమూ విరగలేదు. టేపు కూడా నేనే అతికించాను. కొత్త డిస్కు స్క్రూ రంధ్రాలు పాత చట్రానికి సరిపడలేదు. రెండు స్క్రూలతోనే నిలబెట్టాను. నిలబడింది.

నాకు ఇది వచ్చేసింది.

మార్చి 14

నల్ల డబ్బా బీరువాలోంచి తీశాను. రెండో కొత్త డిస్కు ఉన్నదే అందులోని పాత పుస్తకాల కోసం. వైరు గుచ్చితే నిలవట్లేదు, రంధ్రం వదులైపోయి వేలాడుతోంది. కాసేపు కనబడుతుంది, కాపీ మొదలుపెట్టగానే మాయం. నాలుగుసార్లు.

దీనికీ డబ్బాయేగా, దీనికీ బోర్డేగా అనుకున్నాను. తెరిచాను. బోర్డు పీకేశాను. కంప్యూటర్‌కి నేరుగా తగిలించాను.

చక్కగా తిరిగింది. తెర మీద మాత్రం ఇలా వచ్చింది: ఈ డిస్కులో ఏమీ లేదు. వాడుకోవాలంటే ఫార్మాట్ చేయాలి. చేయమంటారా?

ఏమీ లేదు.

పదకొండు వందల పుస్తకాలకి ఉన్న ఒకే ఒక్క కాపీ. బాణంగుర్తు "అవును" మీదే ఉంది. వేలు బటన్ మీద ఉంది. నొక్కలేదు. నొక్కకపోవడం తెలివి కాదు, భయం. వైరు పీకేసి చాలాసేపు నేల మీద కూర్చున్నాను.

మార్చి 15

ఆదివారం. రాయడానికి ఏమీ లేదు.

మార్చి 16

ఫోన్ చేశాను.

"ముట్టుకోకు అన్నానా లేదా?" ఇదీ మొదటి మాట. ఎలా ఉన్నావు అని కాదు. అనాలని నేనేం ఎదురుచూడలేదు.

జరిగింది చెప్పాను. మధ్యలో రెండుసార్లు నిట్టూర్చారు.

"అయిపోయింది. ఇంక రావు."

"ఒకసారి వచ్చి చూడండి."

"చూసేదేముంది? పోయాయంటే పోయాయి. డైరెక్టర్ గారితో నేను మాట్లాడతాను. నువ్వు కొన్నాళ్లు సెలవు పెట్టు. నీ ఆరోగ్యం బాలేదని చెప్తాను."

నా ఆరోగ్యం బాగానే ఉంది.

మార్చి 17, పొద్దున

టేబుల్ మీద మెమో. "స్టేషనరీ కింద కొన్న వస్తువులను అనుమతి లేకుండా పగలగొట్టి యంత్రభాగాలుగా మార్చినందుకు, సంస్థ రికార్డింగులను నాశనం చేసినందుకు, వారం లోపు సంజాయిషీ ఇవ్వవలెను." నిన్న సాయంత్రమే టైపు చేశారు. అంటే నా ఫోన్ పెట్టేసిన గంటలోపే అటు ఫోన్ వెళ్లింది.

ఒక్క విషయం దగ్గర నా బుర్ర ఆగిపోయింది. చూడకుండానే పోయాయన్నాడు. టక్‌టకమనే డిస్కుల్ని కూడా రోజులకి రోజులు ముందేసుకుని కూర్చునే మనిషి, వచ్చి చూడను కూడా చూడకుండా పోయాయన్నాడు. పోయి ఉంటే బాగుండునని కాదు, అంత చెడ్డవాడు కాడు. నేను ముట్టుకుంటే పోతాయి, అంతే. అది అతనికి సూర్యుడు తూర్పున పొడిచినంత మామూలు సంగతి.

పైనంతా ఆయన అని రాశాను. ఇక్కణ్ణుంచి అతను. నా డైరీ, నా ఇష్టం.

సెలవు పెట్టను.

మార్చి 17, సాయంత్రం

నల్ల డబ్బాలోంచి పీకిన బోర్డు నా సంచీలోనే ఉంది. దాన్నీ డిస్కునీ తీసుకుని ఫోన్ల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. కౌంటరు దగ్గర జనం ఉన్నారు, తోసుకుని ముందుకెళ్లాను. జన్మలో చేయని పని.

బోర్డుని భూతద్దం కింద పెట్టి చూసి "ఆంటీ, డిస్కు మీద ఏమైనా రాశారా? ఫార్మాట్ గానీ?" అంది.

"లేదు."

"ఒట్టు?"

"ఒట్టు."

"అయితే ఏడుపు ఆపండి." నేను ఏడవట్లేదు. "కొన్ని డబ్బాల్లో ఈ బోర్డే తాళంచెవి. లోపలికి వెళ్లే ప్రతి అక్షరాన్నీ ఇది గజిబిజి చేసి పంపుతుంది, బయటికి వచ్చేటప్పుడు సరిచేసి ఇస్తుంది. బోర్డు లేకుండా చూస్తే గజిబిజే కనబడుతుంది. మీ కంప్యూటర్‌కి అర్థం కాక ఏమీ లేదనేసింది. మీ పుస్తకాలు ఎక్కడికీ పోలేదు. తాళంచెవే వంకరపోయింది."

"దాన్ని సరిచేయగలవా?"

"రంధ్రం మార్చాలి. బోర్డుకి అతికిన దాని కాళ్లు సన్నగా ఉన్నాయి. ఒక్క కాలు ఊడినా బోర్డు పోతుంది. ఇలాంటిదే ఇంకోటి ఎక్కడ దొరుకుతుందో నాకు తెలీదు."

చేయమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ అమ్మాయి షట్టరు సగం దించి, ఫ్యాను ఆపింది. పొగ సన్నగా లేచింది, కాలిన జిగురు వాసన. పాతది ఊడి వచ్చింది. కొత్తదాన్ని పట్టకారుతో పెట్టి ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. బయట ఎవరో "ఎంతసేపండీ" అని అరిచారు.

వైరు గుచ్చింది. నిలిచింది.

తెర మీద ఒకదాని కింద ఒకటి పేర్లు వచ్చాయి. ఒకటి నొక్కాను. ముందు దగ్గు. తర్వాత "అధ్యాయం ఒకటి" అని ఒక పెద్దావిడ గొంతు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ నాకు మైకు పెట్టడం నేర్పింది. ఆ దగ్గు తీసేయమని ఆవిడ చెప్పింది, నేను మర్చిపోయాను. మర్చిపోయి మంచి పని చేశాను.

అప్పుడు ఏడ్చాను. ఆ అమ్మాయి ఫ్యాను వేసి షట్టరు ఎత్తింది.

మార్చి 19

రెండు రోజుల కాపీ అయింది. ఈసారి డబ్బా బోర్డుతో, బోర్డు డిస్కుతో, ఏదీ కదపకుండా. రెండు పుస్తకాలు మాత్రం రాలేదు. డిస్కు మీదే ఆ చోట పాడై ఉంది. ఎన్నిసార్లు అడిగినా అక్కడికొచ్చి ఆగిపోతోంది. ఒకటి తేనెటీగల పెంపకం మీద. ఇంకోటి వంతెనలు కట్టిన ఒకాయన జ్ఞాపకాలు. రెండూ అయిదేళ్లుగా ఎవరూ అడగలేదు. అదొక ఓదార్పా? కాదు.

మార్చి 21

అతను వచ్చాడు. డైరెక్టర్ గారు పిలిపించారట, నష్టం ఎంతో తేల్చమని.

వెనక గదిలోకి తిన్నగా వెళ్లబోయి గుమ్మంలోనే ఆగాడు. కంప్యూటర్ పక్క మూత తీసే ఉంది. వంగి చూశాడు.

"ఇవి బయటివాటిలోంచి తీసినవి. ఎవరు తీశారు?"

"నేను."

"మూడో రేకు..."

"టేపు వేశాను."

"నల్ల డబ్బాలోవి?"

"వచ్చాయి. రెండు తప్ప."

నడుం నిలబెట్టి నా వైపు తిరిగాడు. జుట్టు బాగా నెరిసింది, చొక్కా కాలరు ఇస్త్రీ లేదు. నేను ఇవేవీ గమనించలేదు.

"మంచి పని చేశావు" అన్నాడు. ఆ తర్వాత, "వారానికి రెండు రోజులు వచ్చి చూసిపెట్టమని డైరెక్టర్ గారు అడిగారు. నీకూ భారం తగ్గుతుంది. ఏదీ, ఆ రెండో దాని స్క్రూ వదులుగా ఉంది" అంటూ చేయి లోపల పెట్టబోయాడు.

"ముట్టుకోకండి."

చేయి గాల్లోనే ఆగింది.

"సాయం చేద్దామని..."

"తెలుసు. మీకు చేతనైన సాయం ఒకటుంది. ఈ పెట్టెలో ఏ తీగ ఎందుకు పెట్టారో ఒక్కొక్కటీ కూర్చుని చెప్పండి. నేను రాసుకుంటాను. మళ్లీ రానక్కర్లేదు."

వెళ్లిపోతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. రెండు గంటలు చెప్పాడు. పద్నాలుగు పేజీలు రాశాను. బాగా చెప్తాడు, అడగాలే గానీ. లేచేటప్పుడు "ఇంట్లో..." అని ఏదో అనబోయాడు.

"ఇంట్లో అన్నీ పనిచేస్తున్నాయి" అన్నాను.

పదమూడో పేజీ నుంచి అక్షరాలు వంకరపోయాయంటే, అది రాసి రాసి అలిసిపోయి.

మార్చి 24

సంజాయిషీ ఇచ్చాను. దాని నకలు:

"డైరెక్టర్ గారికి. రెండు డబ్బాలు పగలగొట్టిన మాట నిజం. వాటిలోని డిస్కులు ఇప్పుడు సంస్థ కంప్యూటర్‌లో పనిచేస్తున్నాయి. రికార్డింగులు నాశనం కాలేదు. రెండు పోయాయి, అందుకు బాధ్యత నాదే. కంప్యూటర్‌లో మిగిలిన పాత డిస్కుల్లో మొదటిది టక్‌మనడం మొదలుపెట్టింది. కనుక మరో రెండు డబ్బాలకు ఈరోజే స్టేషనరీ ఫారం మీద సంతకం చేశాను. అవీ పగలగొడతాను."

చివరి వాక్యం కొట్టేద్దామని రెండుసార్లు పెన్ను తీశాను. కొట్టేయలేదు.

మార్చి 27

జూన్‌లో కూర్చోవలసిన కమిటీ ఇవాళే కూర్చుంది. నా పుణ్యమా అని.

అయిదుగురు. మధ్యలో అధ్యక్షురాలు, రిటైరైన జడ్జి గారు, వినికిడి యంత్రం పెట్టుకున్నావిడ. డైరెక్టర్ గారు పంతొమ్మిదో పేజీ తెరిచి గట్టిగా చదివారు. నేను నిలబడే ఉన్నాను, కూర్చోమనలేదు.

"స్టేషనరీ అని కొన్నారు. స్టేషనరీగా వాడలేదు. ఇది మోసమండీ."

"సార్, జిగురు సీసా మూత తీయకుండా ఎలా వాడతారు?" అనేశాను.

ఎవరో నవ్వి దగ్గుగా మార్చారు.

తలుపు తెరుచుకుంది. కుర్చీల అన్నయ్య. వెనక ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని పదిహేనుమంది దాకా. నేను పిలవలేదు. ఆయన ఊఁ అన్న రోజే ఇదేదో అవుతుందని నాకు తెలియాల్సింది.

"మిమ్మల్ని పిలవలేదే" అన్నారు డైరెక్టర్ గారు.

"మా పుస్తకాల గురించి మాట్లాడుతుంటే పిలుపెందుకు సార్? వంద ఉంచుతారట కదా. ఏ వంద?"

"ఎక్కువ మంది వినేవి..."

"పోయిన ఏడాది నేను విన్నదాంట్లో సగం నేనొక్కణ్ణే విన్నాను. అంటే నేను మనిషిని కాదా? మెషిన్ గొంతుతో మాకేం పేచీ లేదండీ. నేను కూడా పేపరు దాంతోనే వింటాను. కానీ ఏది ఉండాలో, ఏది పోవాలో మీరు చూపున్నవాళ్లు గది తలుపులేసుకుని తేలుస్తారా? ఆ డబ్బా మీరు తెరవండి చూద్దాం. ఈవిడకీ రాలేదు, నేను తెరిచాను."

జడ్జి గారు వినికిడి యంత్రం సర్దుకుని నా వైపు తిరిగారు. "ఇప్పుడు అన్నీ ఉన్నాయామ్మా?"

"రెండు తప్ప అన్నీ ఉన్నాయండీ."

"ఇంకో డిస్కు పోతే?"

"మార్చుకుంటాను. ఎలాగో రాసి కూడా పెట్టాను. నేను లేకపోయినా ఎవరైనా చేయొచ్చు."

గంట తర్వాత తీర్పు. నిబంధన మీరినందుకు నాకు లిఖితపూర్వక హెచ్చరిక. పుస్తకాల్లో ఒక్కటీ తీసేయకూడదు, తీసేయాలంటే వినేవాళ్లనే కూర్చోబెట్టి అడగాలి. బయటి డిస్కు స్టేషనరీగానే ఉంటుంది.

హెచ్చరిక నా ఫైల్లో ఉంటుంది. పుస్తకాలు కంప్యూటర్‌లో ఉంటాయి. ఈ బేరం ఎన్నిసార్లు వచ్చినా ఒప్పుకుంటాను.

ఏప్రిల్ 3

గోదాములో తేనెటీగల పుస్తకం అచ్చు ప్రతి దొరికింది. అట్ట లేదు, పేజీలన్నీ ఉన్నాయి. మళ్లీ రికార్డు చేయాలి.

చదవడానికి ఎవరూ ఖాళీగా లేరని రాయబోయాను. అబద్ధం. ఎవరినీ అడగలేదు.

గాజు గదికి అవతలి వైపు ఇదే మొదటిసారి కూర్చోవడం. ఇటునుంచి చూస్తే నా కుర్చీ చాలా చిన్నగా ఉంది. అందులో అన్నయ్య కూర్చున్నాడు, చెవులకి హెడ్‌ఫోన్స్, వేలు ఎర్ర బటన్ మీద. ఏ బటన్ ఏదో ఒక్కసారి చెప్తే పట్టేశాడు.

మొదటి పేజీ. "రాణి ఈగ ఉన్న గూడుని కదిలించేటప్పుడు..." అన్నాను. ఆపాడు.

"చెల్లెమ్మా, నువ్వు గాలి పీల్చడం వినబడుతోంది."

"పీల్చకుండా ఎలా చదవను?"

"పీల్చొద్దనలేదు. భయంభయంగా పీలుస్తున్నావు. గట్టిగా పీల్చుకుని చదువు."

పీల్చుకున్నాను. మొదటినుంచి చదివాను. నలభై పేజీలయ్యేదాకా ఆయన మళ్లీ ఆపలేదు.